చైనీస్ చదివే మెదడు, ఇంగ్లిష్ చదివే మెదడు: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలకు రెండు మూడు లిపులు నేర్పే టీచర్లు, చైనాలో మెడిసిన్ చదవడానికి వెళ్తూ ఆ భాష మొదలుపెట్టినవాళ్లు, డిస్లెక్సియా, అంటే తెలివి బాగానే ఉన్నా చదవడంలో మాత్రం వచ్చే ఇబ్బంది, ఉందేమోనని అనుమానం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. చైనీస్ ఉచ్చారణలను తెలుగు లిపిలో దగ్గరగా మాత్రమే రాయగలం. స్వరాలను, అంటే పదం అర్థాన్నే మార్చే శ్రుతి హెచ్చుతగ్గులను (టోన్లను), ఇక్కడ చూపలేదు.

ఇంగ్లిష్‌కూ చైనీస్‌కూ చదవడంలో అసలు తేడా ఏమిటి?

ఒక గుర్తు దేనికి నిలబడుతుందన్నదే తేడా. ఇంగ్లిష్‌లో అక్షరం ఒక ధ్వనికి గుర్తు. 26 గుర్తులు వస్తే, స్పెల్లింగ్ చిక్కులు ఎన్ని ఉన్నా, తెలియని పదాన్ని కూడబలుక్కుని చదవొచ్చు. చైనీస్‌లో ఒక్కో అక్షరం ఒక పూర్తి సిలబుల్‌కూ (ఒక్క ఊపులో పలికే ధ్వనుల గుంపుకూ), దాంతోపాటే ఒక అర్థానికీ గుర్తు. చైనా ప్రాథమిక పాఠశాల ముగిసేసరికి పిల్లలు సుమారు 3,000 అక్షరాలు గుర్తుపట్టాలి, వాటిలో 2,500 దాకా చూడకుండా రాయాలి. 2013లో ఆ దేశ ప్రభుత్వం ప్రకటించిన ప్రామాణిక పట్టికలో 8,105 అక్షరాలున్నాయి. అందులో నిత్యవాడుకవి 3,500.

పైగా చైనా అధికార భాష మాండరిన్‌లో స్వరాలు వదిలేస్తే ఉన్న సిలబుల్స్ 400 చిల్లరే. వేల అక్షరాలు ఆ కాసిన్ని ధ్వనులనే పంచుకుంటాయి. కాబట్టి ధ్వని తెలిసినంత మాత్రాన ఏ అక్షరమో తేలదు, చూపు తేల్చాలి. మెదడు పనిలో కనిపించే తేడాలకు మూలం చాలావరకు ఇదే.

అంటే చైనీస్ అక్షరాలన్నీ బొమ్మలేనా?

కాదు. ఈ అపోహ పోతే తప్ప మిగతా సమాధానాలు సరిగా అర్థం కావు. చెట్టు, కొండ, నోరు లాంటి కొన్ని అక్షరాలు పాత బొమ్మల నుంచి వచ్చాయి కానీ అవి కొద్ది. చాలా పెద్ద భాగం రెండు ముక్కలు కలిపి కట్టినవే. ఒక ముక్క అర్థం ఏ కోవకు చెందుతుందో చెబుతుంది, రెండోది ధ్వని చూచాయగా చెబుతుంది.

‘మా’ అంటే అమ్మ. ఎడమవైపు ‘స్త్రీ’ ముక్క మూడు గీతలు, కుడివైపు ‘గుర్రం’ ముక్క మూడు గీతలు. అమ్మకు గుర్రంతో పనేమీ లేదు. గుర్రాన్ని కూడా ‘మా’ అనే అంటారు కాబట్టి ధ్వని కోసం తెచ్చి పక్కన పెట్టారు.

ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. ‘ఛింగ్’ అనే ధ్వని ముక్కకు నీరు ముక్క చేర్చితే ‘స్వచ్ఛం’, మాట ముక్క చేర్చితే ‘దయచేసి’, సూర్యుడు చేరితే ‘మబ్బు లేని ఆకాశం’, మనసు చేరితే ‘భావం’. నాలుగూ ‘ఛింగ్’ అనే పలుకుతాయి, స్వరం మాత్రం కొన్నింటికి మారుతుంది. అదే ముక్కకు కన్ను చేరిస్తే ‘జింగ్’, కనుపాప. కుక్క చేరిస్తే ఏకంగా ‘త్సాయ్’, ఊహించడం. ధ్వని ముక్క దారి చూపుతుంది, అప్పుడప్పుడు తప్పుదారి పట్టిస్తుంది. చైనా పాఠ్యపుస్తకాల్లోని ఇలాంటి జంట అక్షరాల్లో ధ్వని ముక్క ఉచ్చారణను ఉన్నదున్నట్టు చెప్పేవి సుమారు ఐదింట రెండు వంతులే. పిల్లవాడి మెదడు ఈ లెక్కను ఎవరూ చెప్పకుండానే మెల్లమెల్లగా పట్టేస్తుంది.

పేజీ మీద కన్ను పడ్డాక మెదడులో ఏ వరసలో ఏం జరుగుతుంది?

మొదటి అడుగులు రెండు లిపులకూ ఒకటే. కంటి నుంచి సంకేతం తల వెనక భాగానికి, అంటే దృశ్య ప్రాంతానికి, సెకనులో పదో వంతులోపే చేరుతుంది. అక్కడ గీతలు, వంపులు, కూడళ్లు విడివడతాయి. 170 మిల్లీసెకన్ల ప్రాంతంలో ఎడమ చెవి వెనక, మెదడు అడుగుభాగాన ఉండే ఒక చిన్న పట్టీ గట్టిగా స్పందిస్తుంది. దీన్ని పదరూప ప్రాంతం అంటారు. ఫ్రాన్స్‌కు చెందిన లోరాన్ కోయెన్, స్టానిస్లాస్ దెహాన్, వారి సహచరులు 2000లో దీన్ని వివరంగా చూపించారు. ఇంగ్లిష్, ఫ్రెంచ్, హీబ్రూ, చైనీస్, జపనీస్ ఏది చదివేవారికైనా ఈ పట్టీ దాదాపు ఒకే చోట ఉంటుంది. తలలో అక్షరాలకంటూ పుట్టుకతో వచ్చిన స్థలం లేదు. సన్నని ఆకారాలను పోల్చుకోవడానికి, మాట్లాడే ప్రాంతాలతో కలవడానికి ఆ చోటు వీలుగా ఉండటంతో చదువు అక్కడ తిష్ఠ వేసింది.

అక్కడి నుంచి రెండు పాయలున్నాయి. ఒకటి కణత మీదుగా చెవి వెనక పైభాగానికి వెళ్లి గుర్తులను ధ్వనులుగా మార్చి కూర్చుతుంది. రెండోది కణత దిగువగా నేరుగా అర్థం వైపు పోతుంది. ఇంగ్లిష్ చదవడం కొత్తగా నేర్చే పిల్లవాడు మొదటి పాయ మీద ఎక్కువ ఆధారపడతాడు, ఒక్కో అక్షరాన్ని ధ్వనిగా మార్చి అతికించాలి కాబట్టి. చైనీస్‌లో ఇలా ఒక్కో ధ్వనిగా అతికించడానికి ముక్కలు లేవు, అక్షరం చూడగానే సిలబుల్ మొత్తం ఒకేసారి రావాలి. అందుకే పోల్చి చూసిన ప్రయోగాల్లో చైనీస్ దగ్గరకొచ్చేసరికి కణత పైభాగం పని కొంత తగ్గి, నుదుటి వెనక ఎడమవైపున్న ‘మధ్య ఫ్రాంటల్ జైరస్’ అనే మెదడు మడత, నడినెత్తికి కాస్త వెనక ఉండే పరైటల్ భాగం, రెండు వైపుల దృశ్య ప్రాంతాలు ఎక్కువ పనిచేస్తూ కనిపించాయి.

సుమారు 400 మిల్లీసెకన్ల దగ్గర పదం అర్థం వాక్యంలో కుదిరిందా లేదా అన్నది మెదడు తరంగాల్లో తెలుస్తుంది. ఈ దశకు వచ్చేసరికి లిపి ఏదన్న తేడా చాలావరకు మాసిపోతుంది.

చైనీస్ కుడి మెదడుతో చదువుతారట కదా?

ఈ మాట 1970ల నాటి ప్రయోగాల నుంచి పుట్టింది. 1979లో ఓవిడ్ ట్సెంగ్, సహచరులు ఒక్కో అక్షరాన్ని రెప్పపాటు కాలం చూపించినప్పుడు, చూపుకు ఎడమవైపు, అంటే కుడి మెదడుకు అందేలా చూపించినవాటిని పాల్గొన్నవారు మెరుగ్గా గుర్తుపట్టారు. పేపర్లకెక్కింది ఆ సగమే. రెండు మూడు అక్షరాల పదాలు ఇచ్చేసరికి అదే ప్రయోగంలో ఎడమ మెదడుదే పైచేయి అయింది. చైనీస్‌లో నిత్యం చదివేవి ఎక్కువగా రెండక్షరాల పదాలే. స్కానింగ్‌లు వచ్చాక బొమ్మ స్పష్టమైంది: ఆకారాన్ని చూసే తొలి దశలో కుడివైపు కూడా ఇంగ్లిష్ కంటే ఎక్కువ పాలుపంచుకుంటుంది, భాష పని మాత్రం ఎడమవైపే. ‘పిల్లలకు చైనీస్ నేర్పితే కుడి మెదడు వికసిస్తుంది’ అని ఫీజులు వసూలు చేసే కోర్సులకు ఆధారం లేదు.

ఇందాకటి ‘మధ్య ఫ్రాంటల్ జైరస్’ అంత ముఖ్యమా?

ఇక్కడ పరిశోధకుల్లో నిజమైన వాదం ఉంది. 2004లో సియోక్ వై టింగ్, టాన్ లీ హాయ్, సహచరులు చదవడంలో ఇబ్బంది ఉన్న చైనీస్ పిల్లలను పరిశీలించి, లోటు ప్రధానంగా ఈ ప్రాంతంలోనే ఉందనీ, ఇంగ్లిష్ డిస్లెక్సియాలో కనిపించే కణత పైభాగపు లోటు కాదనీ చెప్పారు. 2008లో అదే చోట నాడీకణాలు నిండి ఉండే బూడిదరంగు పదార్థం తక్కువగా ఉందని చూపారు. ‘లిపిని బట్టి డిస్లెక్సియా మారుతుంది’ అన్న మాట అక్కడి నుంచి వ్యాపించింది.

అయితే 2010లో చైనీస్, ఇంగ్లిష్ టీనేజర్లకు ఒకే రకమైన పని ఇచ్చి పోల్చిన అధ్యయనంలో రెండు భాషల డిస్లెక్సియా పిల్లల్లోనూ దాదాపు అవే ప్రాంతాలు తక్కువగా స్పందించాయి. 2015లో స్పానిష్, ఇంగ్లిష్, హీబ్రూ, చైనీస్ నాలుగింటినీ కలిపి చూసిన పరిశోధనలో మరో విషయం తేలింది: బాగా చదివేవారిలో విన్న మాటకూ చదివిన మాటకూ స్పందించే ప్రాంతాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, నాలుగు భాషల్లోనూ అంతే.

రెండు పక్షాల తూకం చూస్తే, ప్రాంతాల జట్టు ఒకటే, ఎవరి మీద ఎంత బరువు పడుతుందన్నది లిపిని బట్టి, ఇచ్చిన పనిని బట్టి మారుతుందనడమే న్యాయం. ‘వేరే మెదడు’ అనడం తప్పు, ‘ఏ తేడా లేదు’ అనడమూ తప్పే. ఒక హెచ్చరిక కూడా: తొలి అధ్యయనాల్లో పిల్లల సంఖ్య చాలా తక్కువ. పైగా స్కానింగ్ మెషీన్‌లో ‘ఈ రెండూ ఒకేలా పలుకుతాయా’ అని అడిగితే వెలిగే చోట్లు, ‘ఈ రెండింటి అర్థం ఒకటేనా’ అని అడిగితే వెలిగే చోట్లు వేరు. రంగుల బొమ్మ చూసేముందు లోపలి మనిషికి ఏ పని ఇచ్చారో చూడండి.

చదవడానికీ చేతిరాతకూ ఏమిటి సంబంధం?

ఇంగ్లిష్ కంటే చైనీస్‌లో ఈ సంబంధం చాలా గట్టిది. 2005లో టాన్ బృందం బీజింగ్ పిల్లల్లో చదివే సామర్థ్యం ధ్వనుల మీద పట్టు కంటే రాసే నేర్పుతో ఎక్కువ ముడిపడి ఉందని చూపింది. కారణం అక్షరాల నిర్మాణంలోనే ఉంది. ‘వెయ్’ అంటే ఇంకా కాలేదు, ‘మో’ అంటే చివర. రెండింటికీ అవే ఐదు గీతలు. రెండు అడ్డగీతల్లో పైది పొట్టిదైతే ‘వెయ్’, పైది పొడుగైతే ‘మో’. అలాగే నిలువుగీత పైకి పొడుచుకొస్తే ‘న్యో’, అంటే ఎద్దు. రాకపోతే ‘వూ’, మధ్యాహ్నం. ఇలాంటివి చూసి గుర్తుపెట్టుకోవడం కంటే గీసి గుర్తుపెట్టుకోవడం తేలిక, ఎందుకంటే చేతికి ప్రతి గీతా ఒక వరసలో వస్తుంది.

అక్షరం గుర్తురానప్పుడు చైనీయులు, జపనీయులు అరచేతిలోనో గాలిలోనో వేలితో గీసుకుంటారు. జపాన్‌లో దీన్ని ‘కూషో’ అంటారు. అక్షరాన్ని ముక్కలుగా ఇచ్చి మనసులో కలపమన్న ప్రయోగాల్లో వేలు కదపనిస్తే సమాధానాలు మెరుగయ్యాయి. 2012లో చైనీస్, ఫ్రెంచ్ పాఠకులను పోల్చిన నాకామురా బృందం రాత కదలికలకు సంబంధించిన ఫ్రాంటల్ భాగం ఇద్దరిలోనూ చదివేటప్పుడు పనిచేస్తుందని, చైనీస్ వారిలో దాని ప్రభావం ఎక్కువని చూపింది.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1892లో ఫ్రెంచ్ వైద్యుడు జూల్ దెజెరీన్ వివరించిన రోగి పక్షవాతం తర్వాత రాయగలిగేవాడు, తాను రాసినదే చదవలేకపోయేవాడు. అక్షరం ఆకారాన్ని చేత్తో అనుసరిస్తే మాత్రం అదేమిటో చెప్పగలిగేవాడు. చూపు దారి తెగినా చెయ్యి దారి మిగిలింది.

ఫోన్‌లో టైప్ చేస్తే నష్టమా?

ఇంగ్లిష్‌లో టైప్ చేసినా ప్రతి అక్షరమూ వరసగా గుర్తుచేసుకోవాలి. చైనీస్‌లో అలా కాదు. ఎక్కువమంది పిన్‌యిన్ పద్ధతిలో, అంటే 1958 నుంచి అమల్లో ఉన్న రోమన్ స్పెల్లింగ్‌లో, ‘షి’ అని కొట్టి, తెరమీద వచ్చిన జాబితాలోంచి కావలసిన అక్షరాన్ని తాకుతారు. అక్కడ గుర్తుపట్టడం ఉంది, తలలోంచి తీయడం లేదు. పెద్దవాళ్లలో చదవడం బాగానే ఉంటూ రాయబోతే అక్షరం రాకపోవడం ఇప్పుడు సర్వసాధారణం. దానికి ‘కలం ఎత్తగానే అక్షరం మరుపు’ అనే అర్థమిచ్చే నుడికారమే ఉంది.

2013లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలనలో 3 నుంచి 5 తరగతుల చైనా పిల్లల్లో పిన్‌యిన్ టైపింగ్‌కు ఎక్కువ సమయం పెట్టినవారికి చదివే మార్కులు తక్కువగా, చేత్తో ఎక్కువ రాసినవారికి ఎక్కువగా వచ్చాయి. ఇవి కలిసి కనిపించిన సంగతులు మాత్రమే, ఒకటి రెండోదానికి కారణమని ఆ అధ్యయనం ఒక్కటే రుజువు చేయదు. అయినా చిన్న తరగతుల్లో పెన్సిల్ పక్కన పెట్టి ట్యాబ్ చేతికివ్వడం తొందరపాటే.

చైనీస్ మౌనంగా చదివేటప్పుడు ధ్వని అవసరమే లేదా?

ఉంది. అర్థం మాత్రమే అడిగినా ఒకే ధ్వని గల వేరే అక్షరం పక్కనుంటే తడబాటు కనిపిస్తుంది. ధ్వని తనంతట తానే మేల్కొంటుంది. తేడా అల్లా అది ముక్కలుగా కాక సిలబుల్‌గా రావడమే.

దీనికి ఒక ఫలితం ఉంది. 1986లో బీజింగ్‌లో చేసిన పరీక్షలో పిన్‌యిన్ రాకుండా అక్షరాలు మాత్రమే నేర్చిన పెద్దలు ఒక సిలబుల్ నుంచి ఒక్క హల్లు తీసేయమంటే చేయలేకపోయారు. పిన్‌యిన్ వచ్చినవాళ్లు చేశారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే. మన దగ్గరా ప్రయత్నించండి: ‘పడవ’లోంచి మొదటి హల్లు మాత్రమే తీసేయమంటే చాలామంది ‘డవ’ అంటారు, ‘అడవ’ అనరు. అది తెలివితక్కువతనం కాదు, మన లిపి అలవాటు.

కళ్లు ఎలా కదులుతాయి? ఎవరు వేగంగా చదువుతారు?

రెండింట్లోనూ కన్ను ఒక్కోచోట సుమారు పావు సెకను ఆగి, గెంతుతుంది. ఇంగ్లిష్‌లో ఒక గెంతు 7 నుంచి 9 అక్షరాలు. కన్ను ఆగినచోట ఎడమకు 3–4, కుడికి 14–15 అక్షరాల దాకా పనికొచ్చే సమాచారం అందుతుంది. చైనీస్‌లో గెంతు 2–3 అక్షరాలు, అందేది ఎడమకు 1, కుడికి 3. చూడ్డానికి తక్కువే గానీ ఒక్కో అక్షరంలో నిండిన సమాచారం ఎక్కువ కాబట్టి విషయం అందే వేగం దాదాపు సమానం.

చైనీస్‌లో పదాల మధ్య ఖాళీ ఉండదు. ఖాళీలు పెట్టి ఇచ్చినా అలవాటైన పాఠకులకు వేగం పెరగలేదు, తగ్గలేదు. కొత్తగా నేర్చేవారికి మాత్రం ఉపయోగపడ్డాయి.

ఒక లిపిలో డిస్లెక్సియా ఉండి, ఇంకో లిపిలో లేకపోవడం సాధ్యమేనా?

సాధ్యమే. 1999లో వైడెల్, బటర్‌వర్త్ ప్రచురించిన ఉదంతం బాగా తెలిసినది: జపాన్‌లో పెరిగిన, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే ఒక టీనేజర్ జపనీస్ రెండు రకాల లిపులనూ తన వయసుకు మించి చదివేవాడు. ఇంగ్లిష్‌లో మాత్రం జపనీస్ తోటి విద్యార్థుల కంటే వెనకబడ్డాడు. ధ్వనులను సన్నగా విడగొట్టడంలో చిన్న లోటు ఉంటే, ఆ పని ఎక్కువ అడిగే లిపిలోనే అది బయటపడుతుంది.

చైనీస్ పిల్లల్లో తరచుగా కనిపించే గుర్తులు: రంగులు, అంకెలు వరసగా చూపిస్తే పేర్లు చెప్పడంలో నెమ్మది, అక్షరం ముక్కలు అటూ ఇటూ మారిపోవడం, ఒకే ధ్వని గల వేరే అక్షరం రాసేయడం, ముందురోజు పదిసార్లు రాసినది మర్నాడు కొత్తగా కనిపించడం. రెండు మూడు లిపుల్లో చదివే మన పిల్లలకు కూడా ఒక్క ఇంగ్లిష్‌లోనే పరీక్ష పెట్టి తీర్పు చెప్పడం సరికాదు. ఇంటి భాష లిపిలోనూ చదివించి, రాయించి చూడాలి.

తెలుగు ఈ రెండింటిలో ఏ వైపు?

మధ్యలో. మన అక్షరం సిలబుల్‌కు గుర్తు, చైనీస్ లాగా ఒక దిమ్మలా కనిపిస్తుంది. కానీ విడదీస్తే ఇంగ్లిష్ లాగా ధ్వనులు దొరుకుతాయి. ‘లక్ష్మి’లో రెండో దిమ్మ చూడండి. పలికే వరస క్, ష్, మ్, ఇ. కంటికి కనిపించే వరస వేరు: క మీద గుడి ముందే కూర్చుంటుంది, షవత్తు, మవత్తు ఆ తర్వాత వస్తాయి. కన్ను ‘ఇ’ని ముందు చూసి, చివరిదాకా దాచుకుని పలకాలి. ఇంగ్లిష్‌లో ఈ పని లేదు.

గుణింతాలూ ఒత్తులూ కలిస్తే నేర్వవలసిన ఆకారాలు వందల్లో ఉంటాయి. మనకు దగ్గరి లిపి అయిన కన్నడంలో సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశీలన ప్రకారం అక్షరాలన్నీ పట్టుబడటం నాలుగో తరగతిలోనూ సాగుతూనే ఉంది. హిందీ, ఇంగ్లిష్ చదివేవారి మెదళ్లను మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్‌లో నందినీ సింగ్ బృందం పరిశీలించింది. రెండు లిపులనూ చిన్నప్పుడే ఒకేసారి నేర్చుకున్నవారిలో ఒక్కో లిపికి ఒక్కో పాయ మీద బరువు పడింది. ఒకదాని తర్వాత ఒకటి నేర్చుకున్నవారు మొదటి లిపి పాయనే రెండోదానికీ వాడారు.

చైనీస్ మొదలుపెట్టాను. రోజూ ఎలా చదవాలి?

రోజుకు 5 నుంచి 8 కొత్త అక్షరాలు చాలు. ముందు ఆడియో విని స్వరంతో సహా పైకి పలకండి. తర్వాత అక్షరాన్ని ముక్కలు చేసి, ఏది అర్థం ముక్క, ఏది ధ్వని ముక్క అని నోటితో చెప్పండి. గీతల వరస చూస్తూ మూడుసార్లు రాయండి, ఆపై మూసేసి ఒకసారి చూడకుండా రాయండి. ఈ చివరి ఒక్కసారే అసలు పని చేస్తుంది. ఆ అక్షరం వచ్చే రెండక్షరాల పదం ఒకటి నేర్చుకోండి. మర్నాడు, మూడోరోజు, ఏడోరోజు మళ్లీ చూడకుండా రాయండి.

పాడయ్యేది ఎక్కువగా మూడుచోట్ల. ఒకే అక్షరాన్ని పేజీ నిండా ముప్పైసార్లు ఎక్కించడం: ఐదోసారి తర్వాత చెయ్యి రాస్తుంది, తల నిద్రపోతుంది. అక్షరాల పైన పిన్‌యిన్ అచ్చువేసిన పాఠాలు చదవడం: మనకు రోమన్ లిపి ముందే వచ్చు కాబట్టి కన్ను అక్కడికే జారిపోతుంది, అందుకే పిన్‌యిన్ వరస మీద కాగితం పట్టీ కప్పండి. మూడోది, ప్రతి అక్షరానికీ తెలుగులో ఉచ్చారణ రాసుకోవడం. తెలుగు లిపిలో స్వరం గుర్తు లేదు, తప్పు స్వరం ఒకసారి పాతుకుపోతే పీకడం కష్టం.

చైనీస్ ఎంత వచ్చో తేల్చే హెచ్‌ఎస్‌కే పరీక్షల 2021 ప్రమాణాల్లో మొదటి ఆరు స్థాయిలకు ఒక్కోదానికి 300 చొప్పున 1,800 అక్షరాలు, మొత్తం తొమ్మిది స్థాయిలకు 3,000. రోజుకు ఐదు చొప్పున నిలబెట్టుకుంటే 1,800కు దాదాపు ఏడాది పడుతుంది.

పెద్దయ్యాక నేర్చుకుంటే మెదడు మారుతుందా?

మారుతుంది. 2010లో దెహాన్ బృందం బ్రెజిల్, పోర్చుగల్‌లలో పెద్దయ్యాక చదవడం నేర్చినవారిని పరిశీలిస్తే పదరూప ప్రాంతం వారిలోనూ అక్షరాలకు స్పందించింది. చదువు వచ్చి ముఖాలను గుర్తుపట్టే శక్తిని తోసేస్తుందేమో అన్న అనుమానం కొంతకాలం ఉండేది. లఖ్‌నవూ దగ్గరి పల్లెల్లో దేవనాగరి చదవగలవారిని, చదవలేనివారిని పోల్చి 2019లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి నష్టం కనిపించలేదు. చదవగలిగిన కొద్దీ దృశ్య ప్రాంతాలు ఇతర ఆకారాలకు కూడా మరింత చురుగ్గా స్పందించాయి.